సీటు కొరకు ప్రార్థింపవచ్చునా?



ఇంటర్మీడియేట్ పరీక్షలు ముగిసి ప్రవేశ పరీక్షల కాలము వచ్చినప్పుడెల్ల పల్లె సంఘములలో ఒక మనవి తప్పక వినబడుచుండును. ఆరాధన ముగిసి అందరును ఇండ్లకు పోయిన తరువాత ఎవరో ఒక తల్లి గుడి మెట్లయొద్ద నిలిచియుండును. "అయ్యగారూ, మా పిల్ల నర్సింగు పరీక్ష రాస్తుంది. సీటు వచ్చేటట్టు ప్రార్థన చెయ్యండి" అనును. ఇట్టి తల్లులను మేము ఎందరినో చూచితిమి. వారితో కలిసి ప్రార్థించితిమి, ఇకమీదటను ప్రార్థింతుము. అయితే ఆ చిన్న మనవిలో ఒక పెద్ద చిక్కు దాగియున్నది. ఈ నెల దానిని గూర్చి కొంచెము ఆలోచింతము.

వాన కొరకు మనము ప్రార్థించునప్పుడు ఏ చిక్కును లేదు. వాన కురిసినయెడల మన చేను తడియును, పొరుగువాని చేనును తడియును. సీటు అట్టిది కాదు. ఒక కళాశాలలో 60 సీట్లున్నవనుకొందము. మా పిల్ల 60వదిగా లోపలికి పోవలెనని అడుగుట, మరియొక పిల్ల 61వదిగా బయట నిలువవలెనని అడుగుటయే గదా? ఆ 61వ పిల్లకును తల్లి యుండును. ఆమెయు ఏదో ఒక గుడి మెట్లయొద్ద నిలిచి ఇదే మనవి చేసియుండును. ఒకే సంఘములోని ఇద్దరు పిల్లలు ఒకే పరీక్షకు కూర్చుండినయెడల మరి కష్టము. ఇద్దరి తల్లులును ఒకే బల్లయొద్ద ప్రభువు భోజనము తీసికొనువారే. ఒకరి మనవి ఆలకింపబడుటయనగా రెండవవారి మనవి త్రోసివేయబడుటయేనా? "అంతా దేవుని చిత్తము" అని ఒక్క మాటతో దీనిని దాటివేయవచ్చును. కాని ఆ మాట సీటు వచ్చినవారి నోటికి తియ్యగా నుండును, రానివారి చెవికి మేకువలె తగులును.

సువార్తలో ఒక తల్లి తన పిల్లల కొరకు సీట్లు అడిగిన సంగతి మీకు జ్ఞాపకముండవచ్చును. మత్తయి 20వ అధ్యాయములో జెబెదయి కుమారుల తల్లి తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని వచ్చి, ప్రభువు రాజ్యములో ఒకనికి కుడివైపునను ఒకనికి ఎడమవైపునను స్థలము కావలెనని మ్రొక్కి అడిగినది. అది విని మిగిలిన పదిమందికి కోపము వచ్చినది. ఆ కోపము న్యాయమే. సీట్లు రెండే, మనుష్యులు పండ్రెండుగురు. అయినను ప్రభువు ఆ తల్లిని గద్దింపలేదు, పొమ్మనలేదు. ఆమె కుమారులతట్టు తిరిగి, తాను త్రాగబోవు గిన్నెలోనిది వారు త్రాగగలరా అని అడిగెను. ఆమె సీటును గూర్చి అడిగినది, ఆయన గిన్నెను గూర్చి అడిగెను. అటుపిమ్మట శిష్యులను దగ్గరకు పిలిచి, గొప్పవాడు కాగోరువాడు పరిచారకుడై యుండవలెనని బోధించెను. నర్సును మన తెలుగులో పరిచారిక అనుచున్నాము. పదము ఒక్కటే.

నర్సింగులో ఆ గిన్నె ఏదో ఆసుపత్రిలో ఒక రాత్రి గడిపినవారికి తెలియును. ఎవరో ఎరుగని వాని వాంతి తుడుచుట, మంచము పట్టినవారి మలమూత్రములు ఎత్తుట, ఊరంతయు నిద్రించు వేళ మూడు గంటలకు లేచి జ్వరము చూచుట, రోగి బంధువులచేత మాటలు పడుట. పదునేడేండ్ల పిల్లకు అదంతయు ఇంకను దూరముగానున్నది. అయితే ఆ గిన్నెలో మొదటి గ్రుక్క ఆమె చేతిలోని పాఠ్యపుస్తకములోనే యున్నది. ఇది మేము మాటవరుసకు చెప్పుచున్నది కాదు.

ఏలయనగా మన పెద్దలలో అనేకులు ఈ పరీక్షను ఒక ముండ్లకంచెవలె చూచుచున్నారు. "నర్సుకు కావలసినది మంచి మనసు. మా పిల్లకు అది ఉన్నది. మరి భౌతికశాస్త్రము ఎందుకు, మొక్కల పాఠము ఎందుకు? ఎట్లో ఆ కంచె దూకి అవతల పడితే చాలు" అని వారి అభిప్రాయము. భారత నర్సింగ్ మండలి 2020 నాటి నిబంధనలలో బి.ఎస్.సి. నర్సింగు ప్రవేశ పరీక్షకు భౌతికశాస్త్రము 20, రసాయనశాస్త్రము 20, జీవశాస్త్రము 20, ఇంగ్లీషు 20, నర్సింగునకు తగిన యోగ్యత 20 అని మార్కులు విభజించినది. యోగ్యతకు అయిదింట ఒక వంతు, పుస్తకమునకు నాలుగు వంతులు. ఇది తలక్రిందులుగా నున్నదని మీకు తోచవచ్చును. కాని ఈ పాఠములు మంచము దగ్గర ఏమి చేయునో చూడుడి.

వృక్షశాస్త్రములో ద్రవాభిసరణమను పాఠము కలదు. ఎండు ద్రాక్షను మంచినీళ్లలో వేసినయెడల అది నీటిని పీల్చుకొని ఉబ్బును. ఉప్పునీళ్లలో వేసిన పచ్చి ద్రాక్ష ముడుచుకొనును. పల్చనగా నున్న తట్టునుండి చిక్కగా నున్న తట్టునకు నీరు పొరగుండా పోవుటయే దీని మర్మము. ఇది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. ఇప్పుడు మనిషి నెత్తురును తలంచుడి. దానిలోని ఎఱ్ఱకణములును ఆ ద్రాక్షల వంటివే. నరములోనికి ఉత్త నీటిని ఎక్కించినయెడల అవి ఉబ్బి పగిలిపోవును. అందుచేతనే సెలైను సీసాలో నూటికి 0.9 వంతు ఉప్పు కలిపియుండును. ద్రాక్ష పాఠమును అర్థము చేసికొనిన పిల్లకు సెలైను సీసాకును సూదిమందు కలుపు నీళ్ల సీసాకును ఎంత భేదమున్నదో ఎవరును ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. అర్థము చేసికొనక జవాబు మాత్రము కంఠస్థము చేసిన పిల్లకు రెండును తెల్లని నీళ్లే.

ఆ సీసాను ఎత్తున ఏల వ్రేలాడదీయుదురు? నరములోని నెత్తురుకు తన ఒత్తిడి తనకున్నది గనుక, దానిని మించిన ఒత్తిడి సీసాలోని నీటికి ఎత్తు వలననే రావలెను. అది భౌతికశాస్త్రము. అర లీటరు సీసాను ఎనిమిది గంటలలో ఎక్కించుమని వైద్యుడు వ్రాసెననుకొందము. ఒక మిల్లీలీటరుకు 20 బొట్లు పడు గొట్టమైనయెడల మొత్తము 10,000 బొట్లు, 480 నిమిషములు. నిమిషమునకు ఇంచుమించు 21 బొట్లు. నాలుగు గంటలలో అన్నయెడల 42. గుండె బలహీనముగానున్న ముసలివానికి ఆ లెక్క తప్పినయెడల నీరు ఊపిరితిత్తులలోనికి చేరి ఆయాసము పుట్టును. పసివాని జ్వరమునకు 150 మిల్లీగ్రాముల మందు వ్రాసిరనుకొనుడి. సిరపు సీసాలలో రెండు విధములున్నవి: 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండునది ఒకటి, 250 ఉండునది ఒకటి. మొదటిదానిలోనుండి 6 మిల్లీలీటర్లు పోయవలెను, రెండవదానిలోనుండి 3 మాత్రమే. అట్టపెట్టెలు చూచుటకు ఒక్కటే. మన ఊళ్లలో ఇప్పుడు చక్కెర వ్యాధి లేని వీధి లేదు గదా! ఇన్సులినులోను 40 యూనిట్లది, 100 యూనిట్లది అని రెండు గలవు. 40 కొరకు గీతలు గీసిన సూదితో 100 దానిని తీసినయెడల రోగికి రెండున్నర రెట్లు మందు పోవును, స్పృహ తప్పును.

మంచి మనసు ఈ లెక్కలు వేయదు. దయగల చేయి తప్పు మందు పోసినను ఆ మందు తప్పు మందే. గనుక దీపము క్రింద కూర్చుండి నిష్పత్తి లెక్కలతో పోరాడుచున్న పిల్ల, తానెన్నడును చూడని ఒక రోగికి అప్పటికే పరిచర్య చేయుచున్నదని మేము నమ్ముచున్నాము. ఆ రోగి ఇంకను ఆరోగ్యముగా ఎక్కడనో తిరుగుచుండవచ్చును. ఇంకను పుట్టియుండకపోవచ్చును.

ఇచ్చట ఒక చిన్న సంగతి. తెలుగు రాష్ట్రములలో బైపీసీ పిల్లలు వ్రాయు ఈఏపీసెట్ లో 160 ప్రశ్నలకు 180 నిమిషములు. వృక్షశాస్త్రము 40, జంతుశాస్త్రము 40, భౌతికము 40, రసాయనము 40. తప్పు జవాబుకు మార్కులు తగ్గింపరు. అందుచేత తెలియని ప్రశ్నకును ఏదో ఒక జవాబు నొక్కి రావలెనని గురువులు చెప్పుదురు. "అట్లా ఊహించి పెట్టడం పాపమా, అయ్యగారూ?" అని మా యౌవన కూటములో ఒక చిన్నది అడిగినది. ఆ ప్రశ్న మాకు మిక్కిలి సంతోషము కలుగజేసినది. పాపము కాదు. ఆ పరీక్ష నియమమే అందుకు సెలవిచ్చుచున్నది, ఎవరును మోసపోవుట లేదు. కాని ఇంటియొద్ద పాత ప్రశ్నపత్రములు అభ్యాసము చేయునప్పుడు ఊహించి పెట్టిన ప్రతి జవాబు ప్రక్కను ఒక చుక్క పెట్టుకొమ్మని ఆమెకు చెప్పితిమి. 110 ఒప్పులు వచ్చి వాటిలో 25 చుక్కలున్నయెడల ఆమెకు తెలిసినవి 85 మాత్రమే. ఆ 25ను మరునాడు మరల చదువవలెను. పరీక్షగదిలో ఊహ ఒక మార్కు తెచ్చును. వార్డులో అదే ఊహ ఒకనిని చంపవచ్చును. తనకు తెలిసినదేదో తెలియనిదేదో ఎరిగియుండుట, తెలియనప్పుడు "నాకు తెలియదు, అడిగి వచ్చెదను" అనగలుగుట చిన్న గుణము కాదు. యోగ్యత పేరిట పెట్టిన ఆ 20 మార్కుల ప్రశ్నలు దీనిని కొలువగలవో లేవో గాని, చుక్కలు పెట్టుకొను అలవాటు దీనిని నేర్పును.

ఇక పెద్దలతో మాటలాడవలసియున్నది. లూకా 10వ అధ్యాయము తీసి చూడుడి. మంచి సమరయుని ఉపమానము అచ్చటనే యున్నది. దొంగల చేతిలో పడినవాని గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టుకట్టిన ఆ మనుష్యుని చూచి మనము ప్రసంగములు చేయుదుము, పిల్లలచేత నాటకములు వేయింతుము. అయితే ఆ ఉపమానము ముగిసిన వెంటనే, నడుమ మరియే కథయు లేకుండ, మార్త మరియల సంగతి వచ్చుచున్నది. మార్త వంటపనిలో తొందరపడుచుండగా మరియ కూర్చుండి నేర్చుకొనుచుండెను. సహాయము చేయుటకు లెమ్మని అక్క అడిగినను ప్రభువు ఆమెను లేపనీయలేదు. లూకా ఈ రెండింటిని ప్రక్కప్రక్కను పెట్టుట మాకు ఎంతో ఆలోచన పుట్టించుచున్నది. గాయము కట్టువాడును కావలెను, కూర్చుండి నేర్చుకొనునదియు కావలెను.

మన ఇండ్లలో జరుగుచున్నదేమి? పుస్తకము పట్టుకొని కూర్చుండిన ఆడపిల్లను నీళ్లకు లేపుదుము. పొయ్యియొద్దకు లేపుదుము. తమ్ముడు అన్నమడిగిన లేపుదుము. ఆ తమ్ముడు చదువుచున్నప్పుడు మాత్రము ఎవరును లేపరు! ఇంటరు పరీక్షలు మార్చిలో వచ్చును. సరిగా ఆ దినములలోనే మిరప కోతలు. పిల్ల చేనికి వచ్చినయెడల ఒక కూలి కలిసివచ్చునని మనకు తెలియును, ఆ కూలి మన కుటుంబములకు చిన్నది కాదని మాకును తెలియును. కడుపు నిండినవాడు కూలివానికి నీతి చెప్పుట మాకు ఇష్టము లేదు. అయినను చెప్పక తప్పదు. రోజంతయు వంగి కాయలు కోసి, మంటపుట్టుచున్న చేతులతో రాత్రి తొమ్మిదింటికి పుస్తకము తెరచు పిల్ల, పట్టణములో కోచింగు చదువుచున్న పిల్లతో ఒకే గడియారము క్రింద పరీక్ష వ్రాయవలెను. ప్రశ్నకు నిమిషము పైన కొన్ని సెకండ్లు మాత్రమే. అదియు కంప్యూటరు మీద. మన పిల్లలలో కొందరు ఆ దినమువరకు దానిని ముట్టియుండరు. గనుక గుడి మెట్లయొద్ద మనవి చేయు తల్లిని, తండ్రిని మేమును ఒక మాట అడుగుచున్నాము: పిల్లకు దినమునకు మూడు గంటలు ఎవరును లేపని చోటు ఇచ్చితిరా? ఆ మూడు గంటలును ఒక ప్రార్థనయే.

ఈ సిద్ధపాటును లోకువగా చూడవద్దు. జర్మనీ దేశములో రైను నదియొద్ద కైజర్స్‌వెర్త్ అను చిన్న ఊరిలో థియొడోర్ ఫ్లీడ్నర్ అను ఒక బీద సంఘపు కాపరి యుండెను. ఆయనయు ఆయన భార్య ఫ్రీడరీకయు 1836లో అచ్చట ఆసుపత్రి తెరచి పరిచారకురాండ్రకు రోగుల సేవ నేర్పనారంభించిరి. రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయములో కనబడు ఫీబే వంటి పరిచారకురాండ్రు సంఘములో మరల లేవవలెనని వారి ఆశ. ఇంగ్లండులో ఫ్లారెన్స్ నైటింగేలను పదునారేండ్ల చిన్నదానికి 1837లో దేవుని పిలుపు వినబడినది. ఆమె కైజర్స్‌వెర్త్ చేరి మూడు నెలలు శిక్షణ పొందినది 1851లో. నడుమ 14 ఏండ్లు! ఇంటివారు ఒప్పుకొనలేదు. అప్పుడు ఆమె చేసినదేమనగా, ఇల్లు లేవకముందే తెల్లవారుజామున లేచి ఆసుపత్రుల నివేదికలు, లెక్కలు చదువుచుండెను. 1854లో యుద్ధభూమికి 38 మంది నర్సులతో పోయినప్పుడు ఆ లెక్కలే ఆమెకు ఆయుధములైనవి. 1860లో లండనులో ఆమె పేరిట నర్సుల పాఠశాల ఆరంభమైనది. మన గుంటూరునకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసాని సంగతియు అట్టిదే. స్త్రీల కొరకు ఆమె తలపెట్టిన ఆసుపత్రి తెరువబడినది 1898లో. పరుల దేహము ముట్టు పని హీనమని పెద్ద ఇండ్లవారు తమ ఆడపిల్లలను పంపని ఆ కాలములో, మిషను ఆసుపత్రులలో నర్సు పని నేర్చుకొనుటకు వచ్చినవారిలో మన క్రైస్తవ కుటుంబముల పిల్లలు అనేకులు. నేడు అన్ని మతములవారును, అన్ని కులములవారును ఆ సీటు కొరకు పోటీపడుచున్నారనిన, అది మనకు నష్టమని కొందరు సణుగుచున్నారు. మాకు అట్లు తోచదు.

ఆ పోటీ సంగతియే ఇప్పుడు చూతము. మా సంఘములో ఒక యేట ఇద్దరు పిల్లలు ఈ పరీక్షకు చదివిరి. ఒకరింట మంచి పుస్తకములున్నవి, రెండవవారింట లేవు. పుస్తకములున్న పిల్ల బంధువు ఒకడు, "నీ పుస్తకము దానికిస్తే నీ సీటు దానికిచ్చినట్టే" అనెను. లోకరీతిని చూచినయెడల అతని మాట తప్పు కాదు. పది కన్యకల ఉపమానములో బుద్ధిగలవారు తమ నూనె ఇయ్యలేదు గదా అనియు అతడు వాదించెను. అయితే వారు ఇయ్యలేకపోయినది అర్ధరాత్రి, పెండ్లికుమారుడు వచ్చుచున్న వేళ. పగటివేళ అంగడి తెరచియుండగా ఒకరినొకరు పిలుచుకొని పోవద్దని ఆ ఉపమానములో ఎక్కడ నున్నది? పరీక్షగదిలో జవాబు చెప్పుట అర్ధరాత్రి నూనె యిచ్చుట, అది కూడదు. ముందుగా పుస్తకము పంచుకొనుట పగటి బేరము. దానియేలును ముగ్గురు స్నేహితులును బబులోను రాజునొద్ద మూడేండ్లు చదివి కడపట రాజుచేత పరీక్షింపబడిరి. నలుగురును కలిసి తినిరి, కలిసి ప్రార్థించిరి, నలుగురును నెగ్గిరి. మా పిల్లలిద్దరును కలిసియే చదివిరి. ఒకతె పాఠము చెప్పును, రెండవది ప్రశ్నలు వేయును. చెప్పిన పిల్లకే ఎక్కువగా అంటుకొనినదని మేము చూచితిమి. చదువు చెప్పినవారందరును ఎరిగిన సంగతియే అది. నర్సు ఒంటరిగా పని చేయదు. తనకు తెలిసినది తరువాతి డ్యూటీ నర్సుకు చెప్పక దాచుకొను నర్సు చేతిలో రోగి బ్రదుకుట కష్టము.

జీతము కొరకు, విదేశము కొరకు చదువుట తప్పా అని అడుగువారున్నారు. తప్పని మేము అనము. సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి గాయపడినవానిని అప్పగించెను. ఆ పూటకూళ్లవాడు రూకలు పుచ్చుకొని సేవ చేసెను. ప్రభువు వానిని నిందింపలేదు. ఇంటి అప్పు తీర్చుటకు నర్సయిన పిల్ల సరిగా మందు పోసినయెడల ఆ రోగి బాగుపడును. అయితే డబ్బుతో ప్రశ్నపత్రము తెప్పించెదము, సీటు ఇప్పించెదము అని చెప్పు దళారుల మాట వేరు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో సీమోను ద్రవ్యము తెచ్చినప్పుడు పేతురు ఏమనెనో చదువుకొనుడి. అదియుగాక, కొన్ని చోట్ల గుర్తింపు లేని పాఠశాలలు పిల్లల తల్లుల పుస్తెలు తాకట్టు పెట్టించి, పనికిరాని కాగితము చేతికిచ్చుచున్నవి. చేరకముందే ఆ పాఠశాలకు నర్సింగ్ మండలి గుర్తింపున్నదో లేదో చూచుకొనవలెను. ప్రవేశమునకు ఏ పరీక్ష ర్యాంకు చూచెదరన్నది రాష్ట్రమును బట్టి, సంవత్సరమును బట్టి మారుచుండును. తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయము, ఆంధ్రలో డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము ఆ యేటి ప్రకటన ఇచ్చును. దానినే నమ్ముడి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో యూదా పోయినందున ఒక స్థానము ఖాళీయైనది. పేతురు ముందుగా అర్హత చెప్పెను: యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువు పరమునకు ఎత్తబడిన దినమువరకు వెంటనున్నవాడై యుండవలెను. ఆ అర్హతకు ఇద్దరు నిలిచిరి, బర్సబ్బా అనబడిన యోసేపును మత్తీయయు. సీటు ఒక్కటి. అప్పుడు సంఘము ప్రార్థించినది. వారు ఏమని ప్రార్థించిరో గమనింపుడి. యోసేపు కావలెనని అడుగలేదు, మత్తీయ కావలెననియు అడుగలేదు. ఇద్దరిని దేవుని యెదుట నిలువబెట్టి, హృదయములు ఎరిగినవాడవు నీవే గనుక నీవే చూపుమని వేడుకొనిరి. ఇద్దరికిని స్నేహితులు లేకపోలేదు. అయినను ఆ గదిలో ఒకరికి విరోధముగా మరియొకరి ప్రార్థన లేచినట్లు కనబడదు.

కాబట్టి మా జవాబు ఇది. తల్లి సీటు అడుగవచ్చును. జెబెదయి భార్యను పొమ్మనని ప్రభువు ఏ తల్లిని పొమ్మనడు. కాని అడిగిన తల్లి, పోటీలోనున్న రెండవ పిల్ల పేరును కూడ తన నోట పలికి అడుగవలెను. అట్లు పలుకుట మొదట కష్టముగా నుండును. పలికిన తరువాత ఆ మనవి తనంతట తానే మారును. "మా పిల్లకే" అను మాట జారిపోయి, "జ్ఞాపకము కలుగజేయుము, భయము తీసివేయుము, చదివినది చెదరనియ్యకుము, ఏ పిల్లయైనను తెలియనిది తెలిసినట్లు నటింపనియ్యకుము" అను మాటలు వచ్చును. మంచముమీద పడుకొనబోవు ఆ రోగి పేరు మనకు తెలియదు. అతని యెదుట పలుకుటకు సిగ్గుపడు ఏ మనవిని దేవుని యెదుట పలుకవద్దు. చదువని పిల్లకు సీటిమ్మని అడుగుట అట్టి మనవి. జెబెదయి కుమారుల తల్లి తానేమి అడిగినదో తరువాత చూచినది. సిలువయొద్ద దూరమునుండి చూచుచుండిన స్త్రీలలో ఆమె యున్నదని మత్తయి 27వ అధ్యాయములో వ్రాయబడినది. ఆ దినము ప్రభువునకు కుడివైపున ఒకడు, ఎడమవైపున ఒకడు, ఇద్దరు బందిపోటు దొంగలు వ్రేలాడుచుండిరి.

సీటు రాని పిల్ల సంగతి మిగిలియున్నది. మూడు గంటల పరీక్ష ఆ మూడు గంటలను మాత్రమే కొలిచినది. జి.ఎన్.ఎం. అను మూడేండ్ల చదువున్నది. ఇంటరులో ఏ గ్రూపు చదివినవారైనను తగిన మార్కులున్నయెడల దానికి పోవచ్చును. అది ముగించినవారు మరి రెండేండ్లు చదివి బి.ఎస్.సి. నర్సింగు పట్టము పొందవచ్చును. మన ఉపకేంద్రములలో పసిబిడ్డలకు టీకాలు వేయుచున్న ఎ.ఎన్.ఎం. అమ్మలు రెండేండ్ల చదువుతో వచ్చినవారే. మరుసటి యేట మరల పరీక్ష వ్రాయుటయు సిగ్గుపడవలసినది కాదు. ఆ సంవత్సరములో పెండ్లి చేసి పంపివేయుటకు తొందరపడు తండ్రులు మాత్రము ఒక మారు వచ్చి మాతో మాటలాడవలెనని కోరుచున్నాము.

ఫలితములు వచ్చిన ఆదివారము సీటు వచ్చిన పిల్లను ముందుకు పిలిచి దండ వేయుట అనేక సంఘములలో ఆచారము. మంచిదే. అయితే చీట్లలో పేరు రాని బర్సబ్బాను లూకా వదలివేయలేదు. ఇద్దరి పేర్లును వ్రాసెను, యోసేపు పేరు మొదట వ్రాసెను, అతని మారుపేరు యూస్తు అనికూడ వ్రాసెను. ఈ యేడు మా గుడిలో పరీక్ష వ్రాసిన పిల్లలందరి పేర్లును చదువబడును. దండలు కొనువారు ఆ లెక్కకే కొనవలెను.